ఆకు బొమ్మ కప్పూ, ఒకే ఒక్క చెత్త సంచీ

విమానంలో టీ ఇచ్చే కాగితం కప్పు మీద ఆకుపచ్చ రంగులో ఓ చిన్న ఆకు బొమ్మ ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? కొన్నిటి మీద ఆకు, కొన్నిటి మీద గుండ్రంగా తిరిగే మూడు బాణాలు, ఇంకొన్నిటి మీద భూమాతని మేమే మోస్తున్నాం అన్న ధోరణిలో ఒక ఇంగ్లీషు వాక్యం. ఈమధ్య ఆ బొమ్మ చూస్తే చాలు నాకు ఒళ్ళు మండుతోంది. అచ్చంగా ప్లాస్టిక్ కప్పు ఇచ్చినా ఇంత కోపం రాదేమో. అది కనీసం "నేను ప్లాస్టిక్కునే, ఏం చేస్తావో చేసుకో" అంటుంది. ఇది అబద్ధం ఆడుతుంది. అదీ నా టీ డబ్బులతో.

అసలు ఈ కప్పు సంగతేంటో చూద్దాం. కాగితంలో పొగలు కక్కే టీ పోస్తే ఏమవ్వాలి? రెండు నిమిషాల్లో మెత్తబడిపోయి మన ఒళ్ళో పడాలి. పడట్లేదంటే లోపల ఏదో అడ్డం ఉందన్నమాట. ఆ అడ్డం పేరు పాలిథీన్. కప్పు బరువులో దాదాపు 5 శాతం ఉంటుందా పొర, కాగితానికి వేడి మీద అతికించేస్తారు. ఇక్కడే ఉంది తిరకాసంతా. కాగితం మిల్లులో పాత కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, చిలికి, గుజ్జు చేస్తారు. ఈ కప్పుని అందులో వేస్తే పాలిథీన్ పొర విడివడక, జల్లెడలకి అడ్డం పడుతుంది. దాన్ని వేరు చెయ్యగల ప్రత్యేకమైన మిల్లులు లేకపోలేదు. కానీ అవి తక్కువ. వాటిదాకా కప్పులు శుభ్రంగా, విడిగా, లారీల కొద్దీ చేరాలి. "రీసైకిల్ చెయ్యగలిగినది" అన్న మాటకీ "రీసైకిల్ అయ్యేది" అన్న మాటకీ మధ్య దూరం, మన క్లయింటు డెమోకీ ప్రొడక్షనుకీ మధ్య ఉన్నంత.

బ్రిటన్‌లో పార్లమెంటు పర్యావరణ కమిటీ 2018 జనవరిలో దీని మీద ఓ నివేదిక ఇచ్చింది. ఆ దేశంలో ఏడాదికి 250 కోట్ల కాఫీ కప్పులు పారేస్తుంటే, రీసైకిల్ అయ్యేది నాలుగొందలకి ఒకటి. రెండు పాయింట్లు గుర్తుపెట్టుకోండి. అది బ్రిటన్. పైగా అవి నేల మీద, కాఫీ షాపుల్లో వాడిన కప్పులు. వేరు చేసి పోగెయ్యడానికి అంతకన్నా సులువైన చోటు ఉండదు. అక్కడే లెక్క అలా ఉంటే ఇక ముప్ఫై వేల అడుగుల ఎత్తున సంగతి చెప్పేదేముంది! ఒక్కో కప్పు మీద 25 పెన్నీలు అదనంగా వసూలు చెయ్యమని ఆ కమిటీ సలహా ఇస్తే ప్రభుత్వం ససేమిరా అంది.

మనకి ఇంత చిన్న విషయం తేల్చడానికి పార్లమెంటు కమిటీలు అక్కర్లేదు. వీధిలో పాత పేపర్లు కొనే అతణ్ణి అడిగితే చాలు. న్యూస్ పేపరుకి రేటు ఉంది. అట్టపెట్టెకి ఉంది. నీళ్ళ సీసాకి ఉంది, కూల్‌డ్రింకు డబ్బాకైతే ఇంకా మంచి రేటు. వాడేసిన కాగితం కప్పుకి? "అదెవరికి కావాలి సార్" అంటాడు. మార్కెట్టు తీర్పు చెప్పేసింది, ఆకు బొమ్మ సాక్ష్యం చెల్లదు.

ఆరోగ్యం సంగతి కూడా ఓ ముక్క. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు 2020లో ఒక పరీక్ష చేశారు. 85 నుంచి 90 డిగ్రీల వేడి నీళ్ళు 100 మిల్లీలీటర్లు ఇలాంటి కప్పులో పోసి పావుగంట ఉంచితే, దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీళ్ళలోకి దిగాయట. దానివల్ల మనకేమవుతుందన్నది డాక్టర్లు తేల్చాల్సిన ప్రశ్న, నేను భయపెట్టను. నేననేదల్లా ఒకటే: కాగితంలో తాగుతున్నాం అనుకునేవాళ్ళు కాగితంలో తాగట్లేదు.

మరి ఇంత హఠాత్తుగా కాగితం మీద ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? మన దేశంలో 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, ప్లేట్లు, స్పూనులు, స్ట్రాలు, టీ కలిపే పుల్లలు వగైరా నిషేధించారు. ఆ జాబితాలో లోపల ప్లాస్టిక్ పూసిన కాగితం కప్పు లేదు. (తమిళనాడు మాత్రం 2019 నుంచీ వాటిని కూడా నిషేధించింది. కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళితే 2023 అక్టోబరులో కోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అరవం వాళ్ళని మనం ఎన్నన్నా అనుకుందాం గానీ, ఇలాంటి వాటిల్లో పట్టుదల వాళ్ళదే.) అంచేత ప్లాస్టిక్ కప్పు మానెయ్యడం చట్టం చేసిన పని. దాన్ని తమ దయాగుణంగా కప్పు మీద అచ్చేసుకోవడం మార్కెటింగ్ వాళ్ళు చేసిన పని.

మన ఒక్క దేశమే కాదు. అమెరికాలో అలాస్కా ఎయిర్‌లైన్స్ 2023లో ప్లాస్టిక్ కప్పులు మానేసి కాగితం కప్పులకి మారుతున్నామని గొప్పగా ప్రకటించింది. ప్లాస్టిక్ కప్పుతో పోలిస్తే ప్లాస్టిక్ తగ్గిన మాట నిజమే, కాదనను. కానీ కప్పు మారింది, పారెయ్యడం మారలేదు.

సరే, కప్పుని వదిలేసి విమానంలోకి వెళదాం. నేను పని మీద నెలకోసారైనా హైదరాబాదు నుంచి బెంగుళూరో, పుణెయో వెళ్ళొస్తుంటాను. గంట, గంటంబావు ప్రయాణం. మీలో చాలామందికి ఇది సిటీ బస్సు లాంటిదే. ఈ గంటలో జరిగే తంతు చూడండి. బెల్టు లైటు ఆరగానే బండి బయల్దేరుతుంది. టీ కొన్నవాళ్ళకి ఓ కప్పు, ఓ టీ సంచీ, పంచదార పొట్లం, పాలపొడి పొట్లం, కలపడానికి చెక్కపుల్ల, చెయ్యి తుడుచుకోడానికి కాగితం. మంచినీళ్ళు అడిగినవాళ్ళకి ఇంకో కప్పు. పావుగంట తర్వాత అదే దారిలో అదే మనిషి చేతికి తొడుగులేసుకుని ఒక సంచీ పట్టుకొస్తుంది. ఒకే ఒక్క సంచీ. మొన్నోసారి కూర్చుని లెక్కపెట్టాను. అటు ముగ్గురు ఇటు ముగ్గురు, మా వరుసలో ఆరుగురం. కప్పులు తొమ్మిది, నీళ్ళ సీసాలు రెండు, శీతల పానీయం డబ్బా ఒకటి. సగం తాగిన టీతో సహా, సగం తిన్న ఉప్మాతో సహా, అంతా అందులోకే.

"ఈ సీసా, డబ్బా విడిగా వేస్తారా అండీ?" అని అడిగాను. తెలుగమ్మాయే. "లేదు సర్, అన్నీ ఇందులోనే వేసేయండి" అంది నవ్వుతూ. ఆ అమ్మాయిని నేనొక్క మాట అనను. నూటఎనభై మందికి నలుగురు సిబ్బంది, విమానం దిగిన అరగంటలో మళ్ళీ ఎగరాలి, ఆ అరగంటలోనే సీట్ల మధ్య ఏరుకోవాలి. ఇంకో సంచీ పట్టుకోమని పైవాళ్ళు చెప్పలేదు, ఆ అమ్మాయి పట్టుకోలేదు. అంతే.

మనం ఇంజనీర్లం కదా, ఈ ఒక్క సంచీ ఎంత ఘోరమో మనకి ఇట్టే అర్థమవ్వాలి. కలపడం చవక, విడదీయడం ఖరీదు. చేతిలో ఉన్నప్పుడు సీసా సీసాగానే ఉంది, డబ్బా డబ్బాగానే ఉంది. రెండూ అమ్ముడుపోయే సరుకే. సంచీలో పడ్డ మరుక్షణం వాటి మీద టీ పడింది, ఉప్మా పడింది, ఇంకెవరిదో పెరుగు పడింది. ఇక దాన్ని విప్పి ఏరాలంటే కింద ఇంకో మనిషి, మనకన్నా పేదవాడు, ఆ కంపులో చెయ్యి పెట్టాలి. డేటాబేసులో నాలుగు కాలమ్స్ ఉన్న సమాచారాన్ని తీసుకెళ్ళి ఒకే టెక్స్టు ఫీల్డులో కుక్కేసి, ఆనక రిపోర్టు రావట్లేదని ఏడ్చినట్టుంటుంది. ఏ జూనియరు కుర్రాడైనా అలా చేస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం!

పైగా ఇది తెలియని విద్యేమీ కాదు. హైదరాబాదులో 2015లోనే జీహెచ్ఎంసీ వాళ్ళు ఇంటింటికీ రెండేసి బుట్టలు పంచారు, తడిచెత్తకి ఆకుపచ్చది, పొడిచెత్తకి నీలంది. (ఆ బుట్టల్లో బియ్యం పోసుకున్నవాళ్ళు, బట్టలు నానబెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు, అది వేరే కథ.) 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు విమానాశ్రయాలకు కూడా వర్తిస్తాయని అందులోనే స్పష్టంగా రాశారు. చెత్త పుట్టిన చోటే తడిపొడి వేరు చెయ్యాలి అన్నది వాటి మొదటి పాఠం. విమానంలో చెత్త పుట్టే చోటు ఏది? నా సీటు ముందున్న బల్ల. అక్కడ వేరు చేసేవాడు ఎవడూ లేడు.

ఇక్కడ విమానాల వాళ్ళ తరఫున వాదించేవాళ్ళు ఓ పెద్ద ఆయుధం తీస్తారు. "నీకు తెలీదు బాబూ, విమానం చెత్త మామూలు చెత్త కాదు. చట్టప్రకారం కాల్చెయ్యాలి, లేకపోతే లోతుగా పాతెయ్యాలి. రీసైకిల్ చెయ్యడం నేరం." ఈ మాటలో సగం నిజం ఉంది, ఆ సగం చాలా ఆసక్తికరమైనది కూడా. అంచేత కాస్త తీరిగ్గా చెప్తాను.

1957. పోర్చుగల్ రాజధాని లిస్బన్. అప్పటికి ఆఫ్రికా ఖండం దాటని ఓ పందుల జబ్బు ఉండేది, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. మందు లేదు, సోకిన పంది దాదాపు చచ్చినట్టే. అంగోలా అప్పట్లో పోర్చుగీసు వాళ్ళ వలస. అక్కణ్ణుంచి వచ్చిన విమానాల్లో ప్రయాణికులు తినగా మిగిలిన తిండిని లిస్బన్ విమానాశ్రయం పక్కనున్న పందులకి మేతగా వేశారు. అంతే, జబ్బు ఐరోపాలో దిగింది. 1960లో మళ్ళీ వచ్చి, స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో మూడు దశాబ్దాలకి పైగా తిష్ట వేసింది. ఒక భోజనం ట్రేలో మిగిలిన మాంసం ముక్క ఇంత పని చేసింది.

2001లో బ్రిటన్ వంతు. ఈసారి గాలికుంటు వ్యాధి. మన పల్లెల్లో పశువులున్నవాళ్ళకి దాని సంగతి చెప్పనక్కర్లేదు. నార్తంబర్లాండ్‌లో ఒక పందుల ఫారంలో సరిగ్గా ఉడికించని ఎంగిలి మేత నుంచి మొదలైందని దర్యాప్తులో తేల్చారు. అరవై లక్షలకి పైగా పశువుల్ని చంపేశారు. గుట్టలుగా పేర్చి తగలబెడుతున్న ఆ ఫోటోలు అప్పట్లో పేపర్లలో చూసినవాళ్ళు మర్చిపోలేరు.

అందుకే ఐరోపా సమాఖ్య 2009లో చేసిన చట్టంలో, బయటి దేశాల నుంచి వచ్చే విమానాల భోజనం చెత్తని అన్నిటికన్నా ప్రమాదకరమైన మొదటి తరగతిలో పెట్టింది. కాల్చాలి, లేదా అనుమతి ఉన్న చోట లోతుగా పాతాలి. అమెరికా వ్యవసాయ శాఖకీ ఇలాంటి నియమమే ఉంది, ఆస్ట్రేలియావాళ్ళు ఇంకా కఠినం. వాళ్ళని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పాడి పశువు చచ్చిపోయిన రైతు ఇంట్లో ఆ రాత్రి ఎలా ఉంటుందో తెలిసినవాడెవడూ ఈ చట్టాన్ని ఎగతాళి చెయ్యడు. మనం హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్టు వెళ్ళే విమానంలో పాలు పోసుకుని టీ తాగితే, ఆ కప్పు వాళ్ళ దృష్టిలో పశుసంబంధమైన పదార్థం అంటిన చెత్తే. పాలూ మాంసమూ తగలని సీసాలు, డబ్బాలు, పత్రికలు విడిగా పెడితే కొన్నిచోట్ల రీసైకిలుకి ఒప్పుకుంటారు. కానీ విడిగా పెట్టాలి. మళ్ళీ ఆ సంచీ దగ్గరికే వచ్చాం చూశారా.

ఇంతవరకూ నిజం. ఇప్పుడు మిగతా సగం. నేను హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్తున్నాను. శంషాబాదులో ఎక్కించిన టీ, శంషాబాదులో ఎక్కించిన పాలపొడి. ఏ దేశపు పంది జబ్బు దాటుతోంది ఇక్కడ? కర్నూలు మీదుగా ఎగిరితే అంతర్జాతీయ ప్రయాణం అయిపోతుందా? అంగోలా చెత్త కోసం చేసిన చట్టాన్ని అడ్డం పెట్టుకుని అనంతపురం మీద తాగిన టీ కప్పుని సమర్థించుకోవడం ఎంత గడుసుతనం! దేశం లోపల తిరిగే విమానాల చెత్తకి ఈ భయం వర్తించదు. రైల్లో టీ తాగి పారేసిన కప్పుకీ దానికీ తేడా లేదు.

ఇది నా ఊహాగానం కూడా కాదు. ఆస్ట్రేలియాలో, అదే కఠినమైన ఆస్ట్రేలియాలో, క్వాంటాస్ 2019 మే 8న సిడ్నీ నుంచి అడిలైడ్‌కి ఒక విమానం నడిపింది. మామూలుగా ఆ ప్రయాణంలో 34 కిలోల చెత్త వస్తుంది. ఆ రోజు మట్టిలో పూడ్చాల్సింది సున్నా. కొంత కంపోస్టు, కొంత రీసైకిలు, కొంత మళ్ళీ వాడకం. ఎందుకు కుదిరింది? దేశీయ విమానం కాబట్టి. సిబ్బంది విడివిడిగా పోగేశారు కాబట్టి. రాకెట్ సైన్సు ఏముంది ఇందులో?

అయితే ఇలాంటి "మొట్టమొదటి" విమానాల మీద నాకు పెద్ద గౌరవం లేదని కూడా చెప్పాలి. 2018 డిసెంబరులో హై ఫ్లై అనే పోర్చుగీసు సంస్థ, వాడి పారేసే ప్లాస్టిక్ లేకుండా లిస్బన్ నుంచి బ్రెజిల్‌లోని నటాల్‌కి విమానం నడిపింది. (మళ్ళీ లిస్బనే, చూడండి!) వెదురు స్పూనులు, మట్టిలో కలిసిపోయే గిన్నెలు. 2019లో ఎయిర్ న్యూజిలాండ్ తినేసే కప్పు పరీక్షించింది. బిస్కెట్టులాంటి పదార్థంతో, వెనిల్లా రుచితో చేసినది, కాఫీ తాగి కప్పు నమిలెయ్యడమే. ఏడాదికి 80 లక్షల కప్పుల కాఫీ పోసే సంస్థ అది. ఫోటోలు బాగా వచ్చాయి. మరి ఆ 80 లక్షల కప్పుల్నీ జనం నమిలేశారా? మనకి తెలిసిన కథే కదా. పీవోసీ అదిరింది, మేనేజరు చప్పట్లు కొట్టాడు, మెయిళ్ళు పంచుకున్నారు, కోడ్ రిపాజిటరీలో పడుకుంది. ఆపైన 2020లో కోవిడ్ వచ్చి వాడి పారేసేదే పరిశుభ్రం అన్న నమ్మకాన్ని మరికాస్త గట్టిగా దిగ్గొట్టి పోయింది.

నాకు వీటన్నిటికన్నా మాడ్రిడ్‌లో జరిగిన పని నచ్చింది. ఐబీరియా విమాన సంస్థ, భోజనాలు సరఫరా చేసే గేట్ గోర్మే, ఇంకొన్ని సంస్థలు కలిసి ఐరోపా సమాఖ్య డబ్బుతో 2016లో మొదలుపెట్టారు. చెత్త తీసుకెళ్ళే బండిలోనే అరలు మార్చడం, సిబ్బందికి విడదీయడం నేర్పడం, ఏ సంచీలో ఏముందో తూచడం, ఇలాంటి బోరింగ్ పనులు. ఫోటోకి పనికిరావు. కానీ పని అలాంటి చోటే జరుగుతుంది.

ఇక రెండో ఆయుధం, బరువు. "కడిగి వాడే కప్పులు బరువు. బరువు పెరిగితే ఇంధనం పెరుగుతుంది. పర్యావరణానికి అదే ఎక్కువ నష్టం." ఇది వినడానికి చాలా శాస్త్రీయంగా ఉంటుంది కాబట్టి ఎవరూ లెక్క వెయ్యరు. మనం వేద్దాం. అదనంగా మోసే ప్రతి కిలోకీ గంటకి దానిలో 3 నుంచి 4 శాతం బరువు ఇంధనం ఖర్చవుతుందని విమానయానంలో ఒక మోటు లెక్క ఉంది. వాళ్ళకే అనుకూలంగా 4 తీసుకుందాం. కాగితం కప్పు 5 గ్రాములు. కడిగి వాడుకునే తేలికపాటి కప్పు 50 గ్రాములు అనుకుందాం. తేడా 45 గ్రాములు. నూటఎనభై మందికి అంటే 8 కిలోల చిల్లర. గంట ప్రయాణానికి అదనపు ఇంధనం సుమారు 320 గ్రాములు. ఆ గంటలో ఎయిర్‌బస్ 320 తాగే ఇంధనం దాదాపు రెండున్నర టన్నులు. రెండున్నర టన్నుల్లో మూడొందల గ్రాములండీ!

కడగడానికి నీళ్ళు, కరెంటు కావాలి, నిజమే, అదీ లెక్కలో వెయ్యాల్సిందే. కానీ కడిగే ఏర్పాటు కొత్తగా కట్టాలేమో అన్నట్టు మాట్లాడకండి. పూర్తి సేవల విమానాల్లో తెర అవతల, బిజినెస్ క్లాసులో, పింగాణీ కప్పులో కాఫీ ఇస్తున్నారు. కిందికొచ్చాక వాటిని కడిగి మళ్ళీ ఎక్కిస్తున్నారు. భోజనాల సరఫరా వాళ్ళ భాషలో వాటిని రొటబుల్స్ అంటారు. అంటే అదే విమానం, అదే ఇంధనం, అదే కిచెను. తెరకి అవతల పింగాణీ బరువు కాదు, ఇవతల కాగితం కన్నా 45 గ్రాములు ఎక్కువైతే మాత్రం భూగోళం వేడెక్కిపోతుంది. ఎక్కడో చూసినట్టుంది కదా ఈ రెండు గ్లాసుల పద్ధతి.

ఈ లెక్కలోనే ఇంకో నిజం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. ఆ రెండున్నర టన్నుల్ని నూటఎనభై మందికి పంచితే మనిషికి 14 కిలోల ఇంధనం. కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే గంట ప్రయాణానికి నా వాటా 44 కిలోలు. ఈ 44 కిలోల ముందు కప్పెంత? ఏమీ కాదు. "మరెందుకయ్యా కప్పు గురించి ఇంత గొడవ" అంటారా? అందుకే గొడవ. పొగ గురించి నిజాయితీగా ఏమీ చెయ్యలేనివాళ్ళు కప్పు మీద ఆకు బొమ్మ వేసి, నేను ఓ మంచి పని చేశానన్న తృప్తి నాకు పది నిమిషాలు అద్దెకిస్తున్నారు. ఇక కప్పు సమస్య పొగ సమస్య కాదు, చెత్త సమస్య. చెత్తకి ఒక చిరునామా ఉంటుంది. హైదరాబాదులో చెత్త ఎక్కడికి పోతుందో జవహర్‌నగర్ చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్నవాళ్ళని అడగండి, ఏ గాలికి ఎటు కంపు కొడుతుందో లెక్క చెప్తారు. ఐఏటీఏ అనే విమాన సంస్థల సంఘం స్వయంగా వేసుకున్న అంచనా ప్రకారం 2018లో విమానాల్లో పుట్టిన చెత్త 60 లక్షల టన్నుల పైమాటే. అది ఏదో ఒక ఊరి పక్కకే వెళ్ళింది, లేదా ఏదో ఒక ఊరి గాలిలోకి.

"అయితే నువ్వే గ్లాసు తెచ్చుకోవచ్చుగా" అనే పెద్దమనుషుల కోసం ఈ ముక్క. తీసుకెళ్ళాను. పుణె వెళ్తూ బ్యాగులో స్టీలు గ్లాసు పెట్టుకున్నాను. ఖాళీ గ్లాసుకి భద్రతా తనిఖీ వాళ్ళు ఏమీ అనరు, ఖాళీ సీసాకీ అంతే. బండి వచ్చింది, గ్లాసు చాపాను. అటెండెంటు కుర్రాడు మర్యాదస్తుడు. కాగితం కప్పు ఒకటి తీశాడు. అందులో వేడినీళ్ళు పోశాడు, టీ సంచీ ముంచాడు. రంగు దిగాక జాగ్రత్తగా నా స్టీలు గ్లాసులోకి వంచాడు. కాగితం కప్పుని సంచీలో పడేశాడు. హతవిధీ! "అదేంటండీ" అంటే, "కప్పుల లెక్క చూపించాలి సర్, ఎన్ని కప్పులు వాడితే అన్ని టీలు అమ్మినట్టు" అన్నాడు. మనవాళ్ళే ఎవరో రాసుంటారు ఆ ఇన్వెంటరీ సాఫ్టువేరు. టీ అనే వస్తువుకి కప్పుని ప్రైమరీ కీ చేసి పెట్టారు. ఇది పర్యావరణం గురించి అవగాహన లేకపోవడం కాదు, ఇది పరమ బద్ధకపు డేటా మోడల్.

అందుకే "ప్రతి ఒక్కరూ మారితే" అనే ఉపన్యాసాలు నాకు పడవు. ఒక్కరు మారితే ఏమవుతుందో పై పేరాలో చూశారు. 2004లో లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు స్టేషన్లలో మట్టి కప్పులు పెట్టమన్నారు. మనం బోలెడు జోకులేసుకున్నాం. అవి బరువు, పగిలిపోతాయి, రోజుకి లక్షల కొద్దీ చేసి మోసుకురావడం కష్టం, నిలబడలేదు. అయినా ఆయన ఒకటి సరిగ్గా పట్టుకున్నాడు. అడగాల్సింది ప్రయాణికుణ్ణి కాదు, కొనుగోలు చేసేవాణ్ణి.

విమానాల విషయంలో కొనుగోలు చేసేది ఎవరు? మనమే. అంటే నేనూ మీరూ కాదు, మన కంపెనీలు. సోమవారం పొద్దున్న ఆరింటి హైదరాబాదు–బెంగుళూరు విమానంలో మెడలో ట్యాగులున్న జనాన్ని దించేస్తే ఎన్ని సీట్లు ఖాళీ అవుతాయో ఊహించుకోండి. ఆ టికెట్లన్నీ టోకున, ఒప్పందం మీద, కార్పొరేట్ రేటుకి కొన్నవి. ఇంకోపక్క స్టాక్ మార్కెట్లో ఉన్న మొదటి వెయ్యి కంపెనీలు 2022–23 నుంచి బీఆర్ఎస్ఆర్ అనే బాధ్యతాయుత వ్యాపార నివేదిక ఇచ్చి తీరాలని సెబీ నియమం పెట్టింది. చెత్త గురించీ, పొగ గురించీ అందులో పేజీలకి పేజీలు నింపుతారు. ఆఫీసు ప్యాంట్రీలో కాగితం కప్పులు తీసేసి, అందరికీ పేరు అచ్చేసిన పింగాణీ కప్పిచ్చి, దాన్ని ఫోటో తీసి ఆ నివేదికలో వేసుకుంటారు. అదే ఉద్యోగి మర్నాడు ఆఫీసు డబ్బులతోనే విమానమెక్కి మూడు కప్పులు పారేస్తే అది ఎవరి ఖాతాలోనూ రాదు!

కాబట్టి ఇది ఉపన్యాసాలతో తేలేది కాదు, టెండరు కాగితంలో ఇంకో మూడు వరుసలు చేర్చితే కదిలేది. అవే మూడు వరుసలు పోయిన వారం మా ట్రావెల్ డెస్కుకి మెయిలు చేశాను. దేశీయ విమానాల్లో మీ సిబ్బంది సీసాలు, డబ్బాలు విడి సంచీలో తీసుకుంటారా? తీసుకుంటే, కింద దాన్ని ఎవరికి అప్పగిస్తున్నారో రసీదు చూపిస్తారా? ప్రయాణికుడు సొంత గ్లాసు తెచ్చుకుంటే కాగితం కప్పు వాడకుండా అందులోనే నేరుగా పోసి బిల్లు వెయ్యగలరా? వచ్చే ఏడాది ఒప్పందం మాట్లాడేటప్పుడు రేటుతో పాటు ఇవి కూడా అడగండి, జవాబు లేనివాళ్ళకి రెండు మార్కులు తగ్గించండి, అంతే అన్నాను. రెండు మార్కులకే అవతలి సేల్స్ వాళ్ళు ఎలా పరిగెడతారో నాకు తెలుసు, మనమూ అలాగే పరిగెడతాం కదా.

రెండో రోజే జవాబొచ్చింది. "మీ సూచనను సంబంధిత విభాగానికి పంపడమైనది." ఏ విభాగమండీ అని మళ్ళీ రాశాను. అడ్మిన్ అట. అడ్మిన్ వాళ్ళు మా బిల్డింగులోనే నాలుగో అంతస్తులో కూర్చుంటారు. సోమవారం వెళ్ళి కలుస్తాను. మీ ఆఫీసులో ఈ ఒప్పందం ఎవరి చేతిలో ఉంటుందో మీరూ కనుక్కోండి. ఆ మూడు ప్రశ్నలూ ఇక్కడే ఉన్నాయి, కాపీ చేసుకోండి.